“కాలువ కట్టేశారు” అనగలిగితే పాసివ్ వాయిస్ వచ్చినట్టే

అమ్మా, మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, చదివే మిగతావాళ్లకూ తెలియాలి కాబట్టి. మీరు భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో, క్వాలిటీ సెక్షన్‌లో చేరి నాలుగు నెలలైంది. షిఫ్టు అయ్యాక రోజూ ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి. మొదట్లో “వి రిసీవ్డ్ ద మెటీరియల్, వి వాష్డ్ ఇట్” అని రాస్తే, రిపోర్టులో పాసివ్ వాడాలని మేనేజరు గారు తిప్పి పంపారు. సరేనని వాక్యాలన్నీ పాసివ్‌లోకి మారిస్తే “ద టెంపరేచర్ వాజ్ రిజెన్”, “పవర్ వాజ్ గాన్” అన్నచోట ఎర్ర గీతలు పడి మళ్లీ వెనక్కి వచ్చింది. “యాక్టివ్-పాసివ్ టేబులంతా కంఠతా వచ్చు మేష్టారూ, పరీక్షలో మార్చమంటే మార్చేస్తాను. ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలియక టెన్షన్ పడుతున్నాను” అని రాశారు.

నేను కోనసీమలోనూ, ఆ తర్వాత గోదావరికి ఇవతల పశ్చిమాన కూడా హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మీ రెండు ఎర్ర గీతల్లోనే ఈ పాఠమంతా ఉంది. టేబులు తప్పు కాదు, మీరు నేర్చుకున్నదీ తప్పు కాదు. టేబులు కంటే ముందు చెప్పాల్సిన సంగతి ఒకటి మీకెవరూ చెప్పలేదు.

బళ్లో ఈ పాఠం ఎలా మొదలవుతుందో మీకు గుర్తుండే ఉంటుంది. “రామా కిల్డ్ రావణా.” వెనకున్న రావణుణ్ణి ముందుకు తెచ్చి, రాముణ్ణి వెనక్కి పంపి, మధ్యలో “వాజ్”, చివర “బై” చేరిస్తే “రావణా వాజ్ కిల్డ్ బై రామా”. దీనికి తెలుగు “రావణుడు రామునిచేత చంపబడెను”. మన వ్యాకరణంలో మొదటిది కర్తరి ప్రయోగం, రెండోది కర్మణి ప్రయోగం. అంతా సరిగానే ఉంది. చిక్కల్లా ఆ “చంపబడెను” దగ్గరే. బుద్ధెరిగిన దగ్గర్నించీ మన ఇంట్లో “అన్నం నాచేత తినబడింది” అని ఎవరైనా అన్నారా? (కనబడు, వినబడు అనే మాటల్లో “బడు” ఉంది గానీ అవి ఎప్పుడో విడి మాటలైపోయాయి.) అందుకని పాసివ్ అంటే ఎవరూ మాట్లాడని వంకర వాక్యం, పరీక్షలో ఐదు మార్కుల కోసం పుట్టింది అని పిల్లల మనసులో పడిపోతుంది. ఇక అక్కణ్ణించి దాన్ని మార్చడమే నేర్చుకుంటారు, వాడటం నేర్చుకోరు.

ఆ “బడు”ని పక్కన పెట్టేసి, మన ఊళ్లో రోజూ వినపడే మాటలు చూడండి. దాళ్వా (రబీ) కోతలయ్యాక గట్టు మీద ఎవరైనా ఎదురుపడితే “కాలువ కట్టేశారు” అంటారు, అంటే నీళ్లు ఆపేశారని. ఎవరు కట్టేశారు? ఇరిగేషన్ వాళ్లు, లాకుల దగ్గర లస్కర్లు. ఆ పేరు ఎవరూ చెప్పరు, విన్నవాళ్లూ అడగరు. మాట కాలువ గురించి. సార్వాకి (ఖరీఫ్‌కి) ముందు “నీళ్లు వదిలారు” అంటాం. వరదొస్తే “గేట్లెత్తేశారు” అంటాం. “రోడ్డేశారు”, “పింఛను పెంచారు”, “మా తమ్ముణ్ణి కాకినాడ బదిలీ చేశారు”. వీటిలో దేంట్లోనూ చేసినవాడు లేడు. క్రియ చివర “ఆరు” మాత్రం ఉంది. ఇంగ్లీషువాళ్లు పాసివ్‌తో చేసే పనిని మనం ఈ “ఆరు”తో పుట్టినప్పటినించీ చేస్తూనే ఉన్నాం. “కాలువ కట్టేశారు” అన్నదానికి సరైన ఇంగ్లీషు “ద కెనాల్ హాజ్ బీన్ క్లోజ్డ్”. “కాలువ కట్టివేయబడినది” అని మనసులో ముందు తెలుగును చెడగొట్టుకుని, అప్పుడు ఇంగ్లీషులోకి పోనక్కర్లేదు.

మరి మనకు అక్కర్లేని తిరకాసు ఇంగ్లీషుకు ఎందుకు? తెలుగులో “రావణుణ్ణి రాముడు చంపాడు” అన్నా, “రాముడు రావణుణ్ణి చంపాడు” అన్నా చచ్చింది రావణుడే. “ణ్ణి” అనే ముక్క ఆ సంగతి చెప్పేస్తుంది, మాట ఎక్కడున్నా ఫరవాలేదు. కర్తను పూర్తిగా వదిలేసినా వాక్యం నిలబడుతుంది. ఇంగ్లీషులో పేర్లకు అలాంటి గుర్తు లేదు. ముందున్నది చేసింది, వెనకున్నది చేయించుకున్నది, అంతే లెక్క. పైగా ఆ ముందు చోటు ఖాళీగా ఉండకూడదు. “క్లోజ్డ్ ద కెనాల్” అంటే వాక్యం కాలేదు. “దే క్లోజ్డ్ ద కెనాల్” అని ఎవరో ఒక “దే”ని అక్కడ పెట్టొచ్చు, నోటి మాటల్లో అది చెల్లుతుంది కూడా. రిపోర్టులో ఆ “దే” ఎవరని అడిగితే జవాబుండదు. అందుకని కాలువనే తెచ్చి ముందు చోట్లో పెడతారు. పెట్టి ఊరుకుంటే “ద కెనాల్ క్లోజ్డ్” అవుతుంది, కాలువ తనంతట తానే మూసుకున్నట్టు. అలా అనుకోకుండా క్రియకు ఒక గుర్తు తగిలిస్తారు. ముందు కూర్చున్నది చేసింది కాదు, దానికి జరిగింది అని చెప్పే గుర్తు. “బీ”లో ఏదో ఒక రూపం, దాని వెనక క్రియ మూడో రూపం. పాసివ్ అంటే ఆ గుర్తే.

ఆ గుర్తు తయారీకి టేబులు ఇరవై వరుసలుగా వేస్తారు గానీ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. కాలమంతా “బీ” మోస్తుంది, మూడో రూపం కదలదు. మీ పనిలో ఉన్న “ఫ్రీజ్, ఫ్రోజ్, ఫ్రోజెన్” తీసుకోండి. చివరి మాట “ఫ్రోజెన్” ఎప్పటికీ అదే. రోజూ జరిగేదైతే “ఈజ్ ఫ్రోజెన్”. నిన్న జరిగితే “వాజ్ ఫ్రోజెన్”. ఇప్పుడు జరుగుతోంది అంటే “ఈజ్ బీయింగ్ ఫ్రోజెన్”. అయిపోయింది, ఫలితం ఇప్పుడు కళ్లముందుంది అంటే “హాజ్ బీన్ ఫ్రోజెన్”. లారీ వచ్చేసరికే అయిపోయి ఉంటే “హాడ్ బీన్ ఫ్రోజెన్”. రేపు జరిగేదైతే “విల్ బీ ఫ్రోజెన్”, తప్పనిసరి అయితే “మస్ట్ బీ ఫ్రోజెన్”, చేసి ఉండాల్సింది, చెయ్యలేదు అంటే “షుడ్ హావ్ బీన్ ఫ్రోజెన్”. బహువచనమైతే “ఈజ్” పోయి “ఆర్”, “వాజ్” పోయి “వర్”, “హాజ్” పోయి “హావ్” వస్తాయి. “విల్ బీ బీయింగ్” లాంటివి ఎవరూ రాయరు, వాటి జోలికి పోకండి.

ఇందులో మనవాళ్లు ఎక్కువగా జారిపడేది “బీయింగ్”, “బీన్” దగ్గర. గబగబా పలికితే రెండూ మన చెవికి ఒకేలా వినపడతాయి కాబట్టి “హాజ్ బీయింగ్ ప్యాక్డ్” అని రాసేస్తుంటారు. నేను పిల్లలకు చెప్పిన గుర్తు ఇది. “అవుతోంది” అనుకుంటే “బీయింగ్”, దానికి ముందు “ఈజ్” గానీ “వాజ్” గానీ. “అయిపోయింది” అనుకుంటే “బీన్”, దానికి ముందు “హాజ్” గానీ “హాడ్” గానీ. లోడింగ్ అవుతోంది, “ఈజ్ బీయింగ్ లోడెడ్”. లోడింగ్ అయిపోయింది, “హాజ్ బీన్ లోడెడ్”.

ఈ “అయ్యింది” కూడా పాసివ్‌కు ఇంకో గుమ్మం. ఇంగ్లీషు మాటకు “అయ్యింది” తగిలించడం మనకు బాగా అలవాటు. లోన్ శాంక్షన్ అయ్యింది, బిల్లు రిజెక్ట్ అయ్యింది, మా అబ్బాయి సెలెక్ట్ అయ్యాడు. దీన్ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడు “మై సన్ సెలెక్టెడ్” అనేస్తారు. అలా అంటే మీ అబ్బాయి ఎవర్నో ఎంపిక చేశాడని అర్థం. అతన్ని ఎవరో ఎంపిక చేశారు కాబట్టి “వాజ్ సెలెక్టెడ్” అనాలి. అలాగని ప్రతి “అయ్యాడు”కీ “వాజ్” పెట్టకూడదు. రిటైర్ అయ్యాను, జాయిన్ అయ్యాను, వీటికి “ఐ రిటైర్డ్”, “ఐ జాయిన్డ్” చాలు. తేడా పట్టుకోవడం తేలికే. “అయ్యింది” తీసి “చేశారు” పెట్టి చూడండి. “అబ్బాయిని సెలెక్ట్ చేశారు” అంటాం, అది పాసివ్. “నన్ను జాయిన్ చేశారు” అని ఉద్యోగం గురించి చెప్పుకోం, అది పాసివ్ కాదు. మూడో గుమ్మం “చేసి ఉంది”. తాళం వేసి ఉంది, “ఈజ్ లాక్డ్”. బోర్డు మీద రాసి ఉంది, “ఈజ్ రిటెన్”. ఇక్కడ పని ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడున్న స్థితి చెప్తున్నాం.

ఇప్పుడు మీ ఎర్ర గీతల దగ్గరికి వస్తాను. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్తే మీకు బాగా గుర్తుంటుంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడో మూడో ఏడో, సార్వా ఊడుపులైన వారం రోజులకు ముసురు పట్టింది. శనివారం రాత్రి మురుగు కాలువ గట్టు తెగి ఊరి తూర్పు పక్క చేలన్నీ మునిగాయి. తెల్లారేసరికి పచ్చటి నాట్లు ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్లు, వాటి మీద తేలుతున్న నారు మొక్కలు. రైతులు పదిమంది బడి వరండాలోకి వచ్చి, “మేష్టారూ, ఆఫీసుకి ఇంగ్లీషులో ఒక అర్జీ రాసిపెట్టండి, గట్టు తొందరగా కట్టిస్తారు” అన్నారు. పాసివ్ రాస్తే ఆఫీసు భాషలా గంభీరంగా ఉంటుందని నాకప్పుడు గట్టి నమ్మకం. “గట్టు తెగింది” అన్నదాన్ని “ద బండ్ వాజ్ కట్ ఆన్ సాటర్‌డే నైట్” అని రాశాను.

అర్జీ చదివిన అధికారి మొదట అడిగిన మాట “ఎవరు కోశారు? ఎవరి మీద అనుమానం?” ఆయన అడగడంలో తప్పు లేదు. “వాజ్ కట్” అంటే ఎవరో పార పట్టుకుని గండి కొట్టారనే అర్థం. మన డెల్టాలో మునక వచ్చినప్పుడు తమ చేలు కాపాడుకోవడానికి అవతలి ఊరివైపు గట్టుకు గండి కొట్టడం, దాని మీద తగవులు పడటం ఎప్పటినించో ఉన్నదే. మాట పక్క ఊరికి చేరింది. మేం కోశామని అర్జీ పెడతారా అని వాళ్లు మండిపడ్డారు. విచారణ అన్నారు. గట్టు పని పక్కకు పోయింది. రెండో అర్జీ రాసి, గట్టు దానంతట అదే తెగిందని ఒప్పించేసరికి పది రోజులు గడిచాయి. ఆ పది రోజులూ నాట్లు నీళ్లలోనే ఉన్నాయి. కొంతమంది మళ్లీ నారు కొనుక్కుని వేసుకున్నారు. ఆ రెండు ఊళ్ల మధ్య కొన్నాళ్లపాటు మాటల్లేవు. నేను రాయాల్సింది “ద బండ్ గేవ్ వే”. నాలుగే నాలుగు మాటలు, అందులో పాసివ్ లేదు.

చూడండి, ఈ తేడా మన తెలుగులో ఎంత శుభ్రంగా ఉందో. తెగింది, తెంచారు. మునిగింది, ముంచారు. పెరిగింది, పెంచారు. కాలింది, కాల్చారు. పండింది, పండించారు. తడిసింది, తడిపారు. జంటలో మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఎవరో ఒకరు చేస్తే జరిగేది. మొదటి రకం మాట మీ నోట వస్తే ఇంగ్లీషులో పాసివ్ వద్దు. రెండో రకం మాట వచ్చి, చేసినవాళ్ల పేరు లేకపోతే పాసివ్ కావాలి. ఇంగ్లీషులో కూడా ఇలాంటి జంటలు కొన్ని ఉన్నాయి. “రైజ్, రోజ్, రిజెన్” అంటే తానే పెరగడం. “రెయిజ్, రెయిజ్డ్” అంటే ఒకరు పెంచడం. టెంపరేచర్ దానంతట అది పెరిగితే “ద టెంపరేచర్ రోజ్”. మీరు నాబ్ తిప్పి పెంచితే “ద టెంపరేచర్ వాజ్ రెయిజ్డ్”. మీరు రాసిన “వాజ్ రిజెన్” ఈ రెంటికీ చెందదు, అందుకే గీత పడింది. కరెంటు పోవడమూ అంతే, “పవర్ ఫెయిల్డ్” లేదా “పవర్ వెంట్ ఆఫ్”. లైన్ పని ఉందని వాళ్లే తీసేస్తే అప్పుడు “పవర్ వాజ్ కట్”.

కొన్ని ఇంగ్లీషు క్రియలు ఒకే మాటతో రెండు పనులూ చేస్తాయి. పడవ మునిగితే “ద బోట్ శాంక్”, కావాలని ముంచేస్తే “ద బోట్ వాజ్ సంక్”. తలుపు తెరుచుకుంటే “ద డోర్ ఓపెన్డ్”, తెరిస్తే “వాజ్ ఓపెన్డ్”. ఇక “హ్యాపెన్, అక్కర్, అరైవ్, డై, ఫాల్, అప్పియర్, బిలాంగ్, రిమెయిన్” లాంటివాటికి పాసివ్ అసలు ఉండదు. “యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్” అన్న వాక్యం ఎన్ని ఉత్తరాల్లో దిద్దానో లెక్కలేదు. “హావ్” కూడా కలిగి ఉండటం అన్న అర్థంలో పాసివ్‌లోకి రాదు. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. పుట్టాను అన్నదాన్ని మనం “ఐ బార్న్ ఇన్ రాజోలు” అంటాం. తెలుగులో పుట్టడం మన పనే గానీ, ఇంగ్లీషులో కన్న తల్లి పని. కాబట్టి అక్కడ “ఐ వాజ్ బార్న్” అనే తీరాలి.

కాబట్టి రాసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు రెండే. ఇది ఎవరో ఒకరు చేస్తేనే జరిగిందా? కాదంటే పాసివ్ మాట మర్చిపోండి. అవునంటే రెండో ప్రశ్న, ఆ చేసినవాళ్ల పేరు ఇక్కడ వినేవాళ్లకు కావాలా? కావాలంటే యాక్టివ్, అక్కర్లేదంటే పాసివ్.

దీనికి మంచి సాధన ఆగస్టులో టీవీలో వచ్చే వరద వార్త. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరింది. మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేశారు. పది లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదిలారు. నది మధ్య లంక గ్రామాల్లోకి నీళ్లొచ్చాయి. అక్కడివాళ్లను పడవల్లో ఒడ్డుకు చేర్చారు. ఒక్కొక్కటే ఇంగ్లీషులో పెట్టి చూడండి. నీళ్లు చేరడం నది పని, “ద వాటర్ లెవెల్ రీచ్డ్ 11.75 ఫీట్”. హెచ్చరిక అధికారులు ఇచ్చారు, పేరు అక్కర్లేదు, “ద ఫస్ట్ వార్నింగ్ వాజ్ ఇష్యూడ్”. గేట్లు, “ఆల్ 175 గేట్స్ వర్ లిఫ్టెడ్”. వదిలిన నీళ్లు, “టెన్ లాక్ క్యూసెక్స్ వర్ రిలీజ్డ్ ఇన్‌టు ద సీ”. లంకల్లోకి నీళ్లు రావడం మళ్లీ నది పనే, “వాటర్ ఎంటర్డ్ ద లంక విలేజెస్”. చివరిది “పీపుల్ వర్ బ్రాట్ అషోర్ ఇన్ బోట్స్”. మనుషులు చేసిన నాలుగు పాసివ్‌లోకి వచ్చాయి, గోదావరి చేసిన రెండు యాక్టివ్‌లో ఉండిపోయాయి. మంచి రిపోర్టు ఎప్పుడూ ఇలా కలగలిసే ఉంటుంది. మొత్తం పాసివ్‌లోకి తోసేస్తే చదవలేం.

“బై” సంగతి. పాసివ్‌లో “బై” తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలాచోట్ల అది ఉండదు, ఉండకూడదు కూడా. పేరు అక్కర్లేదనే కదా పాసివ్‌లోకి వచ్చాం, మళ్లీ “బై ద వర్కర్స్” అని తగిలిస్తే వచ్చిన పనే పాడైంది. పేరు కొత్త సమాచారమైతేనే పెట్టాలి. ధవళేశ్వరం ఆనకట్ట మీద వ్యాసం రాస్తూ “ద వర్క్ వాజ్ స్టార్టెడ్ ఇన్ 1847 అండ్ కంప్లీటెడ్ ఇన్ 1852” అంటే చాలు, మాట ఆనకట్ట గురించి. అది కట్టించిందెవరో తెలియని పరాయి ఊరివాళ్లకు చెప్తుంటే “ఇట్ వాజ్ బిల్ట్ బై ఆర్థర్ కాటన్” అనాలి. కాటన్ దొర జీవితం గురించే రాస్తుంటే పాసివ్‌తో పనేముంది, “కాటన్ బిల్ట్ ద ఆనికట్” అని ఆయన్నే ముందు కూర్చోబెట్టాలి. ఒకే సంగతి, మూడు చోట్ల మూడు రకాలు. పరీక్ష పేపరు ఈ వాక్యాన్ని చుట్టూ ఏమీ లేకుండా ఒంటరిగా ఇస్తుంది కాబట్టే పిల్లలకు ఈ ఎంపిక కనపడదు.

తయారీ విధానం చెప్పేటప్పుడు పాసివ్ ఎంత అందంగా కుదురుతుందో ఆత్రేయపురం పూతరేకుతో చెప్పొచ్చు. కుండ బోర్లించి కింద మంట పెడతారు, “ద పాట్ ఈజ్ టర్న్‌డ్ అప్‌సైడ్ డౌన్ ఓవర్ ఎ ఫైర్”. పల్చటి గుడ్డను బియ్యప్పిండి జావలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతారు, “ఎ థిన్ క్లాత్ ఈజ్ డిప్ట్ ఇన్ రైస్ బ్యాటర్ అండ్ డ్రాన్ ఓవర్ ద పాట్”. క్షణంలో రేకు ఆరి విడివడుతుంది, “ద షీట్ డ్రైస్ అండ్ కమ్స్ అవే”. చివరిది రేకు తనంతట తాను చేసేది, అందుకని యాక్టివ్. అదే, ఆ మంట ముందు పొద్దున్నించీ కూర్చున్న ఆవిడ గురించి రాస్తున్నారనుకోండి. అప్పుడు “షి డిప్స్ ద క్లాత్, షి డ్రాస్ ఇట్ ఓవర్ ద పాట్” అనే రాయాలి. అక్కడ పాసివ్ వాడితే ఆవిడ చెయ్యి మాయమైపోతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. “ఫిల్డ్ విత్ వాటర్”, “కవర్డ్ విత్ ఐస్”, “నోన్ టు ఎవ్రీవన్” లాంటి చోట్ల “బై” రాదు, జంటగా గుర్తుంచుకోవడమే. “లుక్ ఆఫ్టర్” లాంటి జంట క్రియల్లో రెండో ముక్క వదిలేయకూడదు, “ద పాండ్ ఈజ్ వెల్ లుక్డ్ ఆఫ్టర్”. “గివ్” లాంటి వాటిలో మనిషినైనా వస్తువునైనా ముందు పెట్టొచ్చు, మనిషిని పెడితేనే సహజంగా ఉంటుంది, “ఈచ్ వర్కర్ వాజ్ గివెన్ గ్లవ్స్”. “మేక్”కి యాక్టివ్‌లో లేని “టు” పాసివ్‌లో వస్తుంది, “దే మేడ్ అజ్ వెయిట్” కాస్తా “వి వర్ మేడ్ టు వెయిట్” అవుతుంది.

పాసివ్‌కు చుట్టం ఒకటుంది, దాన్ని మాత్రం దాటేయలేను, మనవాళ్లకు అంత అవసరం. తెలుగులో చేశాను వేరు, చేయించాను వేరు. రొయ్యల చెరువులో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ పాడైతే మెకానిక్‌ను పిలిచి బాగు చేయించి, “ఐ రిపేర్డ్ ద ఏరియేటర్” అంటాం. అలా అంటే స్పానర్ మీరే పట్టుకున్నారని అర్థం. “ఐ హాడ్ ద ఏరియేటర్ రిపేర్డ్” అనాలి. “హావ్” పక్కన వస్తువు, దాని తర్వాత అదే మూడో రూపం. ఇల్లు కట్టించాం, “వి హాడ్ ద హౌస్ బిల్ట్”. జుట్టు కత్తిరించుకున్నాను అన్నా నిజానికి కత్తిరించింది మంగలే కాబట్టి “ఐ హాడ్ మై హెయిర్ కట్”.

మీ తమ్ముడి టెన్త్ పరీక్ష గురించి కూడా చివర్లో అడిగారు. ఆజ్ఞా వాక్యాలకు “లెట్” పెట్టి మార్చాలి, “క్లోజ్ ద గేట్” కాస్తా “లెట్ ద గేట్ బీ క్లోజ్డ్”. “ప్లీజ్” ఉంటే “యు ఆర్ రిక్వెస్టెడ్ టు”. “హూ” ప్రశ్నకు “బై హూమ్”. “ఐ” వెనక్కి పోతే “మి”, “హి” పోతే “హిమ్”. పరీక్షకు ఇవి రాయాల్సిందే, మార్కులు పోగొట్టుకోవద్దని చెప్పండి. బయట ఎవరూ గేటు దగ్గర నిలబడి “లెట్ ద గేట్ బీ క్లోజ్డ్” అనరని కూడా చెప్పండి.

ఇంకొక్క మాట, ఇది వ్యాకరణం కంటే పెద్దది. పేరు చెప్పకుండా ఉండే వెసులుబాటు పాసివ్‌లో ఉంది కాబట్టి, చెప్పాల్సిన పేరును దాచడానికి కూడా అది పనికొస్తుంది. రెండు గంటల రీడింగ్ తీయడం మీ డ్యూటీ, మర్చిపోయారు. “ద రీడింగ్ వాజ్ నాట్ టేకెన్” అని రాస్తే వ్యాకరణం సరిగానే ఉంటుంది. చదివినవాళ్లకు తప్పు ఎవరిదో తెలియదు, అనుమానం పక్క అమ్మాయి మీదకు కూడా పోవచ్చు. అక్కడ “ఐ మిస్డ్ ద టు ఓ క్లాక్ రీడింగ్” అనే రాయండి. పొరపాటు ఒప్పుకునే చోట, క్షమాపణ అడిగే చోట పాసివ్ వాడకూడదని నా గట్టి అభిప్రాయం. నా అర్జీలో పాసివ్ వల్ల లేని మనిషి పుట్టుకొచ్చాడు, ఇక్కడ ఉన్న మనిషి మాయమవుతాడు. రెండూ ఎవరో ఒకరికి నష్టమే.

మీరు పంపిన రిపోర్టును తిరగరాశాను. “ద మెటీరియల్ వాజ్ రిసీవ్డ్ ఎట్ 6:10. ఇట్ వాజ్ వాష్డ్ ఇన్ చిల్డ్ వాటర్ అండ్ గ్రేడెడ్. పవర్ ఫెయిల్డ్ ఎట్ 9:40, అండ్ ద టెంపరేచర్ ఇన్ ద చిల్ రూమ్ రోజ్ టు 7 డిగ్రీస్. ద జనరేటర్ వాజ్ స్టార్టెడ్ ఎట్ 9:52. ఐస్ వాజ్ యాడెడ్, అండ్ ద టెంపరేచర్ వాజ్ బ్రాట్ డౌన్ టు 3 డిగ్రీస్ బై 10:20. ఐ చెక్డ్ ద లాట్ ఎగైన్ ఎట్ 10:30.”

“గ్రేడెడ్” ముందు మళ్లీ “వాజ్” పెట్టలేదు, మొదటి “వాజ్” రెంటికీ సరిపోతుంది. “బై 10:20”లో “బై” అంటే “చేత” కాదు, “ఆ టైముకల్లా” అని. పవర్ ఫెయిలవడం, టెంపరేచర్ పెరగడం దానంతట అవి జరిగినవి. జనరేటర్ వేయడం, ఐస్ కలపడం మనుషులు చేసినవి, పేర్లు అక్కర్లేదు. చివరి వాక్యం మాత్రం కావాలనే “ఐ”తో ఉంచాను, ఎందుకంటే ఆ లాటు బాగుందని సంతకం పెట్టేది మీరు. మీ ఫార్మాట్‌లో “ఐ” వాడకూడదని రూలుంటే “ద లాట్ వాజ్ చెక్డ్ ఎగైన్ బై” అని రాసి పక్కన మీ పేరు పెట్టండి, అక్కడ ఆ “బై” ఉండాల్సిందే. రేపటి షిఫ్టు రిపోర్టు మీరే రాసి ఇక్కడ పెట్టండమ్మా, చూసి చెప్తాను.